కాలినడక పర్యాటకం: ఉదయగిరి – ఆత్మకూరు మెట్ట గ్రామాలు

11.1 ఉపోద్ఘాతం

గత పాఠంలో పుణ్యక్షేత్ర పర్యాటకం గురించి తెలుసుకున్నారు. అక్కడ యాత్రికుని దృష్టి గమ్యం మీద ఉంటుంది. తిరుమల చేరడం ముఖ్యం, దారి కాదు. ఈ పాఠంలో అందుకు భిన్నమైన పర్యాటకాన్ని పరిశీలిద్దాం. ఇందులో దారే గమ్యం. కొందరు కలిసి, ఆ ప్రాంతం తెలిసిన మార్గదర్శి వెంట, ఊరి నుంచి ఊరికి కొన్ని రోజుల పాటు నడుస్తారు. రాత్రి ఏదో ఒక పల్లెలో బస చేస్తారు. ఆ పల్లెలో వండినదే తింటారు. దీన్ని కాలినడక పర్యాటకం అంటున్నాం.

ప్రపంచంలో ఇది బాగా స్థిరపడిన చోటు ఇటలీలోని కొండ గ్రామాలు. మన ఉదాహరణ మాత్రం పశ్చిమ నెల్లూరులోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతం. ఇక్కడ ఇలాంటి ఏర్పాటు ఇంకా స్థిరపడలేదు. నెల్లూరు నుంచో చెన్నై నుంచో ఉత్సాహవంతులు వచ్చి దుర్గం ఎక్కి, సాయంత్రానికి వెళ్లిపోతుంటారు. వారి వల్ల ఊరికి మిగిలేది నాలుగు టీల ఖరీదు, కొండ మీద పారేసిన నీళ్ల సీసాలు. ఇందుకు బదులు ఊరికి నిజంగా ఆదాయం వచ్చేలా ఒక నడకను ఎలా రూపొందించాలన్నది ఈ పాఠంలోని ప్రధాన ప్రశ్న. పాఠం పూర్తయ్యేసరికి మీరు మీ సొంత ప్రాంతంలో ఒక చిన్న నడక మార్గాన్ని కాగితం మీద గీసి, దాని ఖర్చులను, అందులో ఊరి వాటాను లెక్క కట్టగలగాలి.

11.2 ఇటలీ కొండ గ్రామాల అనుభవం

టస్కనీ, ఉంబ్రియా, అబ్రుట్సో వంటి ఇటలీ ప్రాంతాల్లో ఊళ్లు ఎక్కువగా కొండల నెత్తిన ఉంటాయి. మధ్యయుగాల్లో రక్షణ కోసం అలా కట్టుకున్నారు. ఈ ఊళ్ల చుట్టూ ఉన్న పొలాలను శతాబ్దాల పాటు పాలికాపు పద్ధతిలో సాగు చేశారు. భూస్వామిది భూమి, రైతు కుటుంబానిది చాకిరి, పంటలో చెరి సగం. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఈ పద్ధతి కూలిపోయింది. యువకులు మిలాన్, టురిన్ ఫ్యాక్టరీలకు, ఇతర దేశాలకు వెళ్లిపోయారు. రాతి ఇళ్లు తాళాలు పడి మిగిలాయి.

అలా ఖాళీ అయిన ఇళ్లే తరువాత పర్యాటకానికి పెట్టుబడి అయ్యాయి. 1985లో ఇటలీ ప్రభుత్వం వ్యవసాయ పర్యాటకానికి ప్రత్యేక చట్టం చేసింది. రైతు తన ఇంట్లో అతిథులకు బస, భోజనం అమ్ముకోవచ్చు. అయితే వ్యవసాయమే ప్రధాన వృత్తిగా ఉండాలి, అతిథి సేవ దానికి తోడుగా మాత్రమే సాగాలి. ఈ షరతును గుర్తుపెట్టుకోండి. పొలం మానేసి హోటలు నడిపేవారికి ఈ చట్టం వర్తించదు.

రెండో ఏర్పాటు 'చెదిరిన హోటలు'. 1976లో ఈశాన్య ఇటలీలోని ఫ్రియులీ ప్రాంతంలో వచ్చిన భూకంపం తరువాత, ఊళ్లను తిరిగి నిలబెట్టే ప్రయత్నాల్లోంచి ఈ ఆలోచన పుట్టింది. జాన్‌కార్లో దల్లారా అనే పర్యాటక నిపుణుడు దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. దీని ప్రకారం కొత్తగా హోటలు భవనం కట్టరు. ఊరిలో అక్కడక్కడా ఉన్న పాత ఇళ్లే గదులు, ఒక ఇల్లు వంటశాల, మరొకటి కార్యాలయం. అతిథి గది నుంచి భోజనానికి వెళ్లాలంటే వీధిలో నడవాలి, వీధిలో నడిస్తే ఊరివాళ్లు తారసపడతారు.

ఇక దారుల సంగతి. ఇటలీ పర్వతారోహక సంఘం 1863లో టురిన్‌లో ఏర్పడింది. కొండదారుల వెంట రాళ్ల మీద, చెట్ల మీద ఎరుపు తెలుపు పట్టీలు వేసి వాటిని నిలబెట్టేది ఎక్కువగా ఆ సంఘ సభ్యులైన స్వచ్ఛంద కార్యకర్తలే. పాత యాత్రా మార్గాలను కూడా మళ్లీ వెలికి తీశారు. క్రీ.శ. 990లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ సిగెరిక్ రోముకు వెళ్లి తిరిగి వస్తూ తన మజిలీల పేర్లు రాసి పెట్టుకున్నాడు. ఆ పట్టిక ఆధారంగా గుర్తించిన ఫ్రాంచిజెనా మార్గాన్ని 1994లో యూరప్ మండలి సాంస్కృతిక మార్గంగా ప్రకటించింది. వెయ్యేళ్ల కిందటి మజిలీల చిట్టా ఈనాటి పర్యాటక వనరుగా మారిందన్నమాట.

మనకూ అలాంటి చిట్టా లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నంలో బయలుదేరి కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఎక్కడ బియ్యం దొరుకుతాయి, దారి రాయా ఇసుకా అన్నది ఆయన కాశీయాత్ర చరిత్రలో రోజువారీగా నమోదు చేశాడు. కాలినడక మార్గదర్శికి ఇంతకు మించిన నమూనా అక్కర్లేదు. అయితే ఒక సంగతి గమనించండి. వీరాస్వామయ్య పల్లకీలో వెళ్లాడు. నడిచింది బోయీలు. నడక పర్యాటకం గురించి ఆలోచించేటప్పుడు బరువు ఎవరి భుజం మీద ఉందో చూడడం మనం మరిచిపోకూడదు.

ఇటలీ అనుభవంలో చీకటి కోణమూ ఉంది. చివితా ది బాన్యోరెజ్జో అనే ఊరు మెత్తని రాతి గుట్ట మీద ఉంది. గుట్ట అంచులు ఏటా విరిగిపోతుంటాయి. శాశ్వత నివాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతే, చూడవచ్చేవారు లక్షల్లో. 2013 నుంచి అక్కడ ప్రవేశ రుసుము వసూలు చేస్తున్నారు. సముద్రతీరంలోని చింకే తేరేలో 2011 అక్టోబరు వరదలకు మెట్టపొలాల రాతికట్టలు జారి ఊళ్ల మీద పడ్డాయి. ఆ కట్టలను తరతరాలుగా మరమ్మతు చేస్తూ వచ్చింది ద్రాక్ష రైతులే. సాగు మానేసిన పొలాల్లో కట్టలను పట్టించుకునేవారు లేక అవి బలహీనపడ్డాయి. వ్యవసాయమే ప్రధానంగా ఉండాలన్న షరతు ఎందుకు అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఇటలీ వ్యవసాయ పర్యాటక చట్టంలోని ప్రధాన షరతు మన ప్రాంతంలో అమలు చేస్తే ఎవరికి లాభం? ఎవరికి ఇబ్బంది? ఐదారు వాక్యాల్లో రాయండి.

11.3 ఉదయగిరి, ఆత్మకూరు: నడిచేవారికి ఎదురయ్యేది

నెల్లూరు జిల్లా అనగానే చాలామందికి వరిపొలాలు, చేపల పులుసు గుర్తుకొస్తాయి. అది తూర్పు భాగం. పశ్చిమానికి వెళ్లేకొద్దీ నేల ఎర్రబారుతుంది, కాలువలు మాయమవుతాయి. జిల్లా ప్రజలు ఈ భాగాన్ని 'మెట్ట' అంటారు. కంది, పొగాకు, సజ్జ, బత్తాయి తోటలు, గొర్రెల మందలు. పడమటి అంచున వెలిగొండలు కడప జిల్లాకు గోడలా నిలబడి ఉంటాయి. పెన్నా నది ఆ గోడను సోమశిల దగ్గర చీల్చుకుని జిల్లాలోకి వస్తుంది. అక్కడే 78 టీఎంసీల సామర్థ్యం గల సోమశిల జలాశయాన్ని కట్టారు. జలాశయం వల్ల మునిగిన ఊళ్లు కడప వైపున ఉన్నాయి. ఆనకట్ట మీద నిలబడి నీళ్లు చూపించే మార్గదర్శి ఆ ఊళ్ల మాట కూడా చెప్పాలి.

దుర్గం. ఉదయగిరి ఊరికి పడమట ఉన్న కొండను స్థానికులు దుర్గం అనే పిలుస్తారు. ఎత్తు సముద్రమట్టానికి 3,079 అడుగులు, అంటే సుమారు 938 మీటర్లు. కొండ మీద ఎనిమిది, కింద ఐదు, మొత్తం 13 కోట కట్టడాలని పాత గెజిటీరు లెక్క. విజయనగర స్థాపకుల్లో ఒకడైన కంపన ఇక్కడి నుంచి తూర్పు ప్రాంతాలను పాలించాడు. తరువాత కోట ఒరిస్సా గజపతుల చేతికి పోయింది. శ్రీకృష్ణదేవరాయలు దాదాపు ఏడాదిన్నర ముట్టడి తరువాత 1514లో దీన్ని గెలిచాడు.

ఈ ముట్టడి గురించి పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిన వివరం నడక పర్యాటకానికి నేరుగా పనికొస్తుంది. కోటకు ఉన్న ఒకే ఒక్క దారి, మనుషులు ఒకరి వెనుక ఒకరు మాత్రమే పోగలిగేంత ఇరుకుదట. రాయలు కొండలను తొలిపించి, పెద్ద పెద్ద బండలను పగలగొట్టించి సైన్యానికి దారులు వేయించాడట. అంటే ఈ కొండ చరిత్రలో దారి వేయడమే యుద్ధంలో సగం. మార్గదర్శి రాజుల పేర్లు వల్లె వేయడం కంటే, ఒక ఇరుకు మలుపు దగ్గర బృందాన్ని ఆపి ఈ ఒక్క సంగతి చెబితే శ్రోతల కాళ్లకే చరిత్ర అర్థమవుతుంది.

ఉదయగిరి నుంచి రాయలు బాలకృష్ణుని విగ్రహాన్ని తీసుకువెళ్లి, హంపీలో ప్రత్యేకంగా ఆలయం కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం నేడు చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. కొండ కింద రంగనాయకుల ఆలయ మండపాలు, కొండ మీద మసీదులు నేటికీ చూడవచ్చు. గోల్కొండ పాలన, ఆపైన ఆర్కాటు నవాబుల కింద జాగీర్దారీ నడిచాయి. 1839లో ఇంగ్లీషువారిపై కుట్ర పన్నాడన్న ఆరోపణతో ఇక్కడి జాగీర్దారును చెంగల్పట్టుకు తరలించారు. ఊళ్లో నేటికీ ఉర్దూ, తెలుగు రెండూ వినిపిస్తాయి.

చెరువులు. నడిచేవారికి కారులో పోయేవారి కంటే బాగా అర్థమయ్యేది నీటి ఏర్పాటు. మెట్ట గ్రామాల్లో కాలిబాట చాలాచోట్ల చెరువుకట్ట మీదుగానే సాగుతుంది. కట్ట, తూము, అలుగు, ఆయకట్టు అనే నాలుగు మాటలు తెలిస్తే ఊరి ఆర్థిక వ్యవస్థలో సగం తెలిసినట్టే. వెలిగొండలకు అవతల, కడప జిల్లాలో పోరుమామిళ్ల చెరువు ఉంది. దాన్ని కట్టించినవాడు ఉదయగిరిని పాలించిన విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు. 1369 నాటి ఆ చెరువు శాసనంలో మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, తప్పించుకోవాల్సిన ఆరు దోషాలు చెప్పారు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా చెక్కారు. రాకుమారుని పేరుతో పాటు కూలీల సంఖ్యను కూడా చెప్పే శాసనాలు మనకు ఎక్కువ లేవు.

మందలు. చెరువు కింద నేల దాటగానే గొర్రెలు ఎదురవుతాయి. నెల్లూరు గొర్రె దేశంలోకెల్లా ఎత్తైన జాతి. ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. తెల్లనిది పల్ల, తెలుపు మీద కళ్ల చుట్టూ మూతి చుట్టూ నల్లమచ్చలున్నది జోడిపి, ఎర్రగోధుమ రంగుది డోర. పంట కోసిన చేలో రాత్రి పూట మంద కట్టిస్తే ఎరువు పడుతుంది. అందుకు రైతు కాపరికి డబ్బో గింజలో ఇస్తాడు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మంద లేచే వేళకు అక్కడ ఉండగలిగితే, బృందంలోని పట్నపు పిల్లలకు అదొక్కటే చాలు. అయితే ముందుగా కాపరిని అడగాలి. అపరిచితులను చూసి మంద బెదిరితే తిరిగి కూడగట్టే కష్టం అతనిదే.

చెక్క పని. ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చేసే కుటుంబాలు ఉన్నాయి. నర్ది, కల్ది, బిక్కి వంటి కొండ చెట్ల కర్రను వాడతారు. పిడుల మీద చెక్కే లతలు, జాలీ పనిలో పారశీక అలంకరణ ఛాయ కనిపిస్తుంది. ఈ వస్తువులకు భౌగోళిక గుర్తింపు లభించింది. పనిలో స్త్రీల పాలు ఎక్కువ. ఇక్కడ పర్యాటక విద్యార్థి వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. కొనేవారు పదింతలైతే కర్ర ఎక్కడి నుంచి వస్తుంది? కర్ర అడవిదే, అడవి అటవీ శాఖది. కాబట్టి వస్తువులు ఎక్కువ అమ్మించడం కంటే, ఒక పూట కార్యశాలలో కూర్చుని చెక్కడం నేర్పించి అందుకు రుసుము ఇప్పించడం మేలు. ఒక స్పూను కర్రతో పది మంది పూట గడుస్తుంది, నేర్పినవారికి కూలి గిట్టుతుంది.

రహమతాబాద్. ఆత్మకూరుకు దగ్గర్లోని అనుమసముద్రంపేటను అందరూ ఏ.ఎస్.పేట అంటారు. అక్కడి ఖాజా నాయబ్ రసూల్ దర్గాకు ముస్లింలే కాదు, హిందువులు కూడా వస్తారు. ఆరోగ్యం కోసం మొక్కుకుని రోజుల తరబడి అక్కడే ఉండేవారు చాలామంది. వారిలో మానసికంగా బాధపడుతున్నవారూ ఉంటారు. ఈ చోటును నడకలో చేర్చాలా అన్నది నిజంగా ఆలోచించాల్సిన విషయం. చేర్చవచ్చని నా అభిప్రాయం. కానీ కెమెరాలు, సెల్‌ఫోన్లు సంచిలో ఉండాలి, తల మీద గుడ్డ ఉండాలి, బృందం చిన్నదిగా ఉండాలి. ఒకరి బాధ మరొకరికి వేడుక కారాదు.

11.4 నడకను రూపొందించడం

ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు రోడ్డు మార్గం 50 కి.మీ. పై చిలుకు. అదంతా నడిపించాల్సిన పని లేదు. తారు రోడ్డు మీద లారీల పక్కన నడవడం సెలవు కాదు, శిక్ష. మొదటి రోజు ఉదయగిరి ఊళ్లో నడక, చెక్క పని. రెండో రోజు దుర్గం. మూడో రోజు ఉదయం కొంత దూరం బస్సులోనో ఆటోలోనో వెళ్లి, అక్కడి నుంచి చెరువుకట్టలు, చేల గట్ల వెంట 10, 12 కి.మీ. నాలుగో రోజు ఏ.ఎస్.పేట మీదుగా ఆత్మకూరు. ఇది ఒక నమూనా మాత్రమే. అసలు దారిని నిర్ణయించే ముందు మీరు కనీసం రెండుసార్లు, ఒకసారి ఊరి మనిషితో, ఒకసారి మీకంటే నిదానంగా నడిచే మనిషితో, ఆ దారి మొత్తం నడిచి చూడాలి.

సమయం అంచనాకు స్కాట్లండు పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. చదునైన దారిలో గంటకు 5 కి.మీ., ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా ఒక గంట. 6 కి.మీ. దారిలో 600 మీటర్లు ఎక్కాలనుకుందాం. దూరానికి 1 గంట 12 నిమిషాలు, ఎత్తుకు 1 గంట, మొత్తం 2 గంటల 12 నిమిషాలు. కానీ ఇది చల్లని దేశంలో చురుకైన మనిషి లెక్క. మన ఎండకు, విరామాలకు, బృందంలోని పెద్దవారికి సగం కలుపుకుంటే మూడుంపావు గంటలు దాటుతుంది. దిగడానికి రెండున్నర గంటలు వేసుకోండి. అంటే తెల్లవారి ఆరున్నరకు బయలుదేరిన బృందం పైన రెండు గంటలు గడిపినా మధ్యాహ్నం మూడు లోపు కిందికి వస్తుంది. తొమ్మిదికి బయలుదేరిన బృందం కిందికి చేరేసరికి సాయంత్రం ఐదు కావస్తుంది. దిగేటప్పుడే ఎక్కువ ప్రమాదాలు జరుగుతాయి. వెలిగొండల రాయి చాలావరకు గట్టి క్వార్ట్‌జైటు. అంచులు పదునుగా ఉంటాయి, తడిస్తే జారుతుంది.

కాలం విషయంలో ఇటలీని అనుకరించవద్దు. అక్కడ మే, సెప్టెంబరు మంచి నెలలు. ఇక్కడ మే నెలలో నడిపిస్తే వడదెబ్బకు ఆసుపత్రి పాలవుతారు. నెల్లూరు జిల్లాకు ప్రధాన వర్షాలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు, నవంబరులో తుపానులు కూడా వస్తాయి, వాగులు ఒక్క రాత్రిలో పొంగుతాయి. కాబట్టి డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి మధ్య వరకే ఈ నడకకు అనువైన కాలం. ఏడాదికి రెండు నెలలే అన్నమాట. ఈ పరిమితి ఊరికి మంచిదే. పది నెలలు మానేసే ఆదాయం మీద ఎవరూ బతుకును ఆనించరు, వ్యవసాయం వదలరు.

నీళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎండలో నడిచే మనిషికి గంటకు కనీసం అర లీటరు కావాలి. ఉదయగిరి, వరికుంటపాడు వంటి మెట్ట మండలాల్లో భూగర్భ జలాల్లో ఫ్లోరైడు సమస్య ఉంది. ఒకటి రెండు రోజులు తాగితే యాత్రికునికి ఏమీ కాదు, ఏళ్ల తరబడి తాగినవారికి ఎముకలు, పళ్లు దెబ్బతింటాయి. బృందానికి సీసా నీళ్లు పంచుతూ ఆ ఊరి నీళ్ల గురించి మాట్లాడకుండా దాటిపోవడం సరికాదు. ఒక్కొక్కరికి రెండు స్టీలు సీసాలు ఇచ్చి, ఊళ్లోని శుద్ధి కేంద్రంలో డబ్బు చెల్లించి నింపించండి. ప్లాస్టిక్కు తగ్గుతుంది, డబ్బు ఊళ్లో ఉంటుంది.

అనుమతులు లేకుండా అడవిలో అడుగు పెట్టవద్దు. వెలిగొండ అడవుల్లో ఎర్రచందనం పెరుగుతుంది. ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. అక్రమ రవాణా కారణంగా నిఘా గట్టిగా ఉంటుంది. వీపున సంచులతో తెల్లవారుజామున అడవి దారిన పోయే పది మంది కొత్తవాళ్లను సిబ్బంది ఏమనుకుంటారో ఊహించండి. రిజర్వు అడవి హద్దు ఎక్కడ మొదలవుతుందో ముందే తెలుసుకుని, రేంజి అధికారి నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. పోలీసు స్టేషనులో పేర్ల జాబితా ఇవ్వాలి. కొండల్లో ఎలుగుబంట్లు ఉంటాయి కనుక పొద్దు వాలాక, పొద్దు పొడవక ముందు గుట్టల్లో తిరగకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 8 కి.మీ. దూరం, 300 మీటర్ల ఎత్తు గల దారికి నైస్మిత్ సూత్రం ప్రకారం ఎంత సమయం పడుతుంది? మీ ఊరి వాతావరణానికి దాన్ని ఎలా సవరిస్తారు?

11.5 మార్గదర్శి ఎవరు?

మార్గదర్శి పనిలో రెండు పాళ్లున్నాయి. దారి చూపడం ఒకటి, దారిని వివరించడం మరొకటి. అమెరికా రచయిత ఫ్రీమన్ టిల్డెన్ 1957లో వారసత్వ వివరణ మీద ప్రసిద్ధ గ్రంథం రాశాడు. సమాచారం ఇవ్వడమే వివరణ కాదని, చూసే మనిషి అనుభవానికి ముడిపెట్టనిది వట్టిమాటేనని ఆయన వాదం. నూనిజ్ ఇరుకుదారి ఉదాహరణ పైన చూశారు.

మెట్ట ప్రాంతంలో ఈ రెండు పనులు తెలిసినవారు వేర్వేరు మనుషులు. దారి తెలిసినవారు గొర్రెల కాపరులు, కట్టెలు ఏరుకునే స్త్రీలు, యానాదులు. నెల్లూరు జిల్లా యానాదులకు ప్రధాన స్థావరం. తేనె, దుంపలు, మందు మొక్కలు, జంతువుల జాడలు వారికి తెలిసినంతగా మరొకరికి తెలియవు. కానీ సంస్థలు మార్గదర్శిగా నియమించేది సాధారణంగా ఇంగ్లీషు మాట్లాడే డిగ్రీ యువకుణ్ణి. అతని వెనుక, దారి చూపడానికి, పేరు లేని ఒక మనిషి ముందు నడుస్తుంటాడు. ఒకరికి రోజుకు వెయ్యి, మరొకరికి రెండు వందలు. ఇది అన్యాయం. ఇద్దరూ మార్గదర్శులే. ఇద్దరికీ ఒకే కూలి, పరిచయంలో ఇద్దరి పేర్లు, ప్రమాద బీమా ఇద్దరికీ ఉండాలి. తెలుగు తెలిసిన బృందాల విషయంలో దుబాసీ అవసరమే లేదు. యానాది మార్గదర్శి నేరుగా చెబుతాడు, వినడానికి ఓపిక ఉంటే చాలు.

మార్గదర్శి ఊరివారితో ఎలా మాట్లాడాలన్నది కూడా శిక్షణలో భాగమే. కొత్త మనుషులు కనిపించగానే అరుగు మీది పెద్దావిడ అడుగుతుంది: "యాడికి నాయనా పోతుండేది? ఎవురి తాలూకు?" దీనికి "టూరిస్టులం" అన్నది జవాబు కాదు. "ఉదయగిరి నుంచి వస్తున్నాం పెద్దమ్మా, రాత్రికి ఫలానా వారింట్లో ఉంటాం, ఊరు చూద్దామని" అని నిలబడి చెప్పాలి. ఎవరి తాలూకో తెలిసాక ఊరు నిమ్మళిస్తుంది. మంచినీళ్లు ఇస్తారు. బహుశా వారి పిల్లలు ఏ ఊళ్లో పని చేస్తున్నారో కూడా చెబుతారు.

11.6 డబ్బు ఎక్కడికి పోతుంది?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. కింది అంకెలు పద్ధతిని నేర్పడానికి ఊహించినవి. మీ ప్రాంతంలో ధరలు విచారించి మార్చుకోండి.

పది మంది, నాలుగు రోజులు, తలకు 8,000 రూపాయలు. మొత్తం 80,000. మొదటి పద్ధతిలో బృందం పట్నంలోని లాడ్జిలో బస చేసి రోజూ బస్సులో వచ్చి పోతుంది. వాహనానికి 22,000, లాడ్జికి 24,000, హోటలు భోజనాలకు 14,000, నిర్వాహక సంస్థకు 14,000. ఊళ్లకు మిగిలేది మార్గదర్శి కూలి, టీ ఫలహారాలు కలిపి 6,000. అంటే నూటికి ఏడున్నర రూపాయలు.

రెండో పద్ధతిలో బస పల్లెల్లోనే. మూడు రాత్రులకు తలకు 600 చొప్పున 18,000. నాలుగు రోజుల భోజనాలకు తలకు రోజుకు 400 చొప్పున 16,000. ఇద్దరు మార్గదర్శులకు రోజుకు 1,000 చొప్పున 8,000. సామాను మోసే ఆటోకు 6,000. చెక్క పని నేర్పినందుకు 4,000. ఇంతవరకు 52,000 ఊళ్లకు చేరింది, నూటికి 65 రూపాయలు. మిగిలిన 28,000లో నెల్లూరు నుంచి రానుపోను 10,000, సంస్థకు మునుపటిలాగే 14,000, బీమా, ప్రథమ చికిత్స, అనుమతులకు 4,000. సంస్థ ఆదాయం తగ్గలేదు, యాత్రికుని ఖర్చు పెరగలేదు. మారింది బస చేసే చోటు ఒక్కటే.

ఇలా ప్రాంతం నుంచి డబ్బు బయటికి పోవడాన్ని ఆర్థిక శాస్త్రంలో 'కారిపోవడం' అంటారు. రెండో పద్ధతిలోనూ కారడం పూర్తిగా ఆగదు. భోజనానికి ఇచ్చిన 16,000లో నూనె, గ్యాసు, బియ్యం బజారు నుంచి వస్తే కొంత పట్నానికే తిరిగిపోతుంది. సజ్జ రొట్టె, రాగి సంగటి, ఊరి కోడి, చెరువు చేప, పెరటి గోంగూర పెడితే నిలుస్తుంది.

ఊరికి చేరిన డబ్బు ఊళ్లో ఎవరికి చేరిందన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. అతిథులను పెట్టుకోవాలంటే మరుగుదొడ్డి, అదనపు గది కావాలి. అవి ఉన్నది భూమి ఉన్న ఇళ్లలో. దళితవాడ, యానాది కాలనీ, ఉర్దూ వీధి ఈ లెక్కలోకి రావు. అందువల్ల బస ఆదాయం పెద్ద ఇళ్లకు పోతుందని ఒప్పుకుని, మిగతా పనులను ఉద్దేశపూర్వకంగా ఇతరులకు కేటాయించాలి. మార్గదర్శకత్వం యానాదులకు, ఒక పూట భోజనం దళితవాడ స్వయం సహాయక సంఘానికి, సామాను ఊరి ఆటోకు. అతిథులకు ముందే చెప్పండి, ఎవరింట భోజనమో చెప్పాక వద్దనే వారిని బృందంలో చేర్చుకోకండి. వంట చేసే స్త్రీ చేతికే డబ్బు ఇవ్వాలి, ఆమె భర్త చేతికి కాదు. ఈ మాట చిన్నదిగా కనిపిస్తుంది, అమలు చేసేటప్పుడు గానీ దాని బరువు తెలియదు.

మన దగ్గర ఇలాంటి ప్రయత్నానికి పూర్వ అనుభవం ఉంది. కేంద్ర పర్యాటక శాఖ, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం కలిసి 2000 తరువాతి సంవత్సరాల్లో ఎంపిక చేసిన గ్రామీణ పర్యాటక కేంద్రాల్లో పోచంపల్లి, శ్రీకాళహస్తి ఉన్నాయి. పోచంపల్లిని 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా గుర్తించింది. అక్కడ నిలబెట్టింది ఇక్కత్ మగ్గం, అంటే పర్యాటకులు రాకపోయినా నడిచే వృత్తి. ఉదయగిరిలో ఆ స్థానం చెక్క పనికి, మందలకు ఉంది.

11.7 క్షేత్ర కార్యం

మీ ఊరి నుంచి 10 కి.మీ. లోపు ఒక నడక మార్గాన్ని ఎంచుకోండి. పొద్దున ఆరు గంటలకు బయలుదేరి నడవండి. ప్రతి కిలోమీటరుకు ఆగి నాలుగు సంగతులు రాసుకోండి: నీడ ఉందా, తాగే నీళ్లు ఎక్కడ, స్త్రీలు వాడదగ్గ మరుగుదొడ్డి ఎంత దూరం, ఈ చోటు కథ చెప్పగల మనిషి ఎవరు. తిరిగి వచ్చాక, పది మంది బృందానికి పై రెండో పద్ధతిలో లెక్క వేయండి. ఊరి వాటా నూటికి యాభై దాటకపోతే ఏ ఖర్చు మార్చవచ్చో చూడండి. దారి చూపిన మనిషికి ఆ రోజు కూలి ఇచ్చారా, ఇస్తే ఎంత, ఆ మొత్తాన్ని ఎలా నిర్ణయించారు అన్నది చివరి పేజీలో రాసి, కాగితాలను సంప్రదింపు తరగతికి తీసుకురండి.